వైరు పీకాక కదిలిన గీత

ఎంత మిట్టమధ్యాహ్నమైనా ఆ హాల్లో అడుగుపెడితే చీకటే. కిటికీలకు నల్లగుడ్డ కట్టి, అంచులకు టేపు అంటించి, వెలుతురు చుక్క కూడా చొరబడకుండా బిగించేశారు. కుర్చీల మెత్తల్లో పాత చెమట వాసన. దాని మీద పొద్దున చల్లిన ఫినాయిలు వాసన. వేదిక వెనక ఎక్కడో కొళాయి సరిగ్గా కట్టనట్టుంది, నీటిబొట్లు పడుతున్న చప్పుడు వినబడుతోంది.

బొమ్మలావిడకు అలాంటి చీకటే కావాలి. కచేరీల్లో పాటకు తగ్గట్టు వెనక తెరమీద బొమ్మలు ఆడించడం ఆమె పని. అందుకే అసలు పేరు పోయి అందరికీ బొమ్మలావిడ అయిపోయింది. ఆ బొమ్మలు ముందే తీసి పెట్టుకున్నవి కావు. పాడేవాళ్ల గొంతు మైకులోంచి వైరు గుండా ఆమె ల్యాప్‌టాప్‌లోకి వస్తుంది. గొంతు లేస్తే తెరమీద తెల్లటి గీత లేస్తుంది. వణికితే వణుకుతుంది. పాట ఆగితే గీత చాపలా పడుకుంటుంది. “నాకు పాడటం రాదు, పాటను చూడటం వచ్చు” అంటుంది ఆవిడ, ఎవరైనా అడిగితే.

ఆ రోజు పాడేది ఆమె చెల్లెలు. ఏడాది క్రితం చెల్లెలి గొంతులో గడ్డ తీశారు. ప్రాణం దక్కింది. గొంతు మాత్రం గోడవతల రేడియో మోగినట్టు అయిపోయింది. నెలల తరబడి గోడవైపు తిరిగి పడుకున్న మనిషిని లేపి ఈ వేదిక దాకా తీసుకొచ్చేసరికి అక్కకు తల ప్రాణం తోకకొచ్చింది. “ఈ సాయంత్రం పాడలేకపోతే ఇంక నన్ను లేపొద్దక్కా” అంది చెల్లెలు, కారులో వస్తూ, ఏదో కూరల సంగతి చెప్పినంత మామూలుగా.

“తల్లీ, నీ గీత చచ్చిన పాములా పడుంది” అని రిహార్సల్ నడుమ చీకట్లోంచి కేకేశాడు సౌండాయన. మిక్సర్ ముందు కూర్చునే ఆ పెద్దమనిషికి నోటి దురద ఎక్కువ, మనసు మంచిది.

“నీ మైకు చచ్చిందేమో చూసుకో అన్నా.”

“నా మైకులు చావవు. నన్ను సాగనంపి గానీ పోవు అవి.”

మైకు బాగానే ఉంది. గొంతే సరిపోవడం లేదు. చెల్లెలు మెడ నరాలు ఉబ్బేలా పాడుతోంది. అంత కష్టానికీ గీత చీమ పాకినంత కదులుతోంది.

బొమ్మలావిడ వాడే ప్రోగ్రాంలో ఒక మీట ఉంది. అది నొక్కితే, వచ్చే శబ్దాన్ని యంత్రం తనంతట తానే పెంచుకుంటుంది. చిన్నదైతే ఎక్కువ పెంచుతుంది. ఏమీ రాకపోతే, ఏదో ఒకటి దొరికేదాకా పెంచుతూనే పోతుంది. అందుకే నిశ్శబ్దం ఉన్న పాటకు దాన్ని ఎవరూ వాడరు. చెల్లెలి పాట నడుమ పెద్ద నిశ్శబ్దం ఉంది. వాయిద్యాలన్నీ ఆగిపోవాలి, ఆమె కదలకుండా నిలబడాలి, తర్వాత మళ్లీ అందుకోవాలి. ఇది బొమ్మలావిడకు తెలుసు. తెలిసే నొక్కింది. ఈ ఒక్కరోజైనా చెల్లెలి గొంతు తెర నిండుగా కనబడాలనుకుంది.

కనబడింది. చెల్లెలు వెనక్కి తిరిగి చూసి, చాలా రోజుల తర్వాత పళ్లు కనబడేలా నవ్వింది.

నిశ్శబ్దం దగ్గరికి వచ్చారు. గీత పడుకుంది. ఒక్క క్షణం తర్వాత చర్మం మీద చలి పాకినట్టు జలదరించింది.

“ఏసీ మోత” అని సౌండాయన ఏసీ ఆపించాడు. తనే వెళ్లి కొళాయి కట్టేసి వచ్చాడు. జలదరింపు ఆగింది.

ఆ తర్వాత గీత లేచింది.

నెమ్మదిగా ఒక గుండ్రటి అల. దిగింది. మళ్లీ ఇంకొకటి.

బొమ్మలావిడ కుర్చీలో ముందుకు జరిగింది. యంత్రాల మోతైతే గీత రంపపు పళ్లలా ఉంటుంది. ఇది నునుపుగా ఉంది. ఇన్నేళ్లుగా గొంతులను కళ్లతో చూస్తున్న మనిషి, పొరబడే అవకాశం లేదు. ఎవరో ఆడమనిషి నోరు మూసుకుని కూనిరాగం తీస్తోంది.

“ఎవరు పాడుతున్నారు?”

“నీ చెల్లి నోరు కుట్టేసినట్టు నిలబడింది. నాకు దగ్గు తప్ప ఇంకేం రాదు.”

“మైకు ఆపు అన్నా.”

ఆపాడు. గీత ఆగలేదు.

ల్యాప్‌టాప్‌కు ఉన్న సొంత మైకును ఆమె కొన్న రోజే తీయించేసింది. అందులోకి శబ్దం రావాలంటే ఆ ఒక్క వైరే దారి. సౌండాయన గొణుక్కుంటూ లేచొచ్చి ఆ వైరు పట్టుకుని పీకేశాడు.

గీత ఆగలేదు... ఇంకాస్త పైకి లేచింది.

“మూసెయ్ తల్లీ” అన్నాడు సౌండాయన. ఈసారి గొంతులో వేళాకోళం లేదు.

“ఉండక్కా!”

చెల్లెలు తెరవైపు తిరిగి ఉంది. ఆ గీతను చూస్తూ నోరు తెరిచింది. హాలంతా గొంతు నిండిపోయింది. సన్నటిది కాదు. కత్తి పడకముందున్న గొంతు. దానికంటే పెద్దది కూడా. సౌండాయన ముక్కున వేలేసుకున్నాడు.

అక్క సంతోషించబోయి ఆగిపోయింది. గొంతు వచ్చాక గీత లేవాలి. ఇక్కడ ముందు గీత లేస్తోంది. ఆ వెనక గొంతు వస్తోంది.

ఆమె గబగబా వేదిక ఎక్కింది. “చిన్నీ, ఆ మీట ఆపేస్తున్నా. అదేదో నిన్ను లాక్కుపోతోంది.”

“లాక్కుపోనీ.”

“పిచ్చిదానిలా మాట్లాడకు.”

“ఏడాది నుంచి పిచ్చిదానిలాగే ఉన్నాగా, అప్పుడు లేని భయం ఇప్పుడెందుకు? నాకు గొంతు రావడం నీకిష్టం లేదా అక్కా?”

అక్క వేదిక దిగింది. మీటను అలాగే వదిలేసింది. సౌండాయన వైరు మళ్లీ తగిలించాడు.

సాయంత్రానికి హాలు నిండింది. అత్తరు, చెమట, కొత్తబట్టల వాసన. దీపాలు ఆరాయి. చెల్లెలు అందుకున్న మొదటి స్వరానికే జనం కుర్చీల్లో నిటారుగా కూర్చున్నారు. తెరమీద గీత కొండలా లేచి విరిగి పడుతోంది. బొమ్మలావిడ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆమె చేసేదేమీ లేదు. అంతా దానంతట అదే జరిగిపోతోంది.

నిశ్శబ్దం వచ్చింది.

వాయిద్యాలు ఆగాయి. అనుకున్న ప్రకారం సౌండాయన మైకు ఆపేశాడు. ఒక్క దీపం కింద చెల్లెలు నిలబడి ఉంది. వెనక గీత ఆగకుండా ఆడుతోంది. ఇప్పుడది ఒకటి కాదు... రెండు. ముందున్నది లావుగా, దర్జాగా ఉంది. దాని వెనకది సన్నగా, చీమ పాకినంత.

ఆ సన్నటిదాన్ని అక్క గుర్తుపట్టింది. మీట నొక్కకముందు చెల్లెలి గొంతు గీసిన గీత అది.

ల్యాప్‌టాప్‌కు తగిలించి చెవులకు పెట్టుకున్న హెడ్‌ఫోన్‌లో గుసగుస.

“అక్కా...”

వేదిక మీద చెల్లెలి పెదాలు కదలడం లేదు.

“అక్కా... నేనిటు వచ్చేశాను... ఇక్కడేం లేదు... ఆపక్కా... ఆపు...”

ఆలోచించే తీరిక లేదు. తెరను నల్లగా చేసే మీట మీద అరచేత్తో కొట్టింది. గీతలు మాయమయ్యాయి. హెడ్‌ఫోన్‌లో గుసగుస సగం మాట దగ్గర తెగింది. తలుపు వేసినట్టు.

వేదిక మీది ఆ ఒక్క దీపమూ ఆరి, ఒక్క క్షణం చిమ్మచీకటి. ఆ చీకట్లోంచి పాట లేచింది. మైకు లేకుండానే చివరి కుర్చీ దాకా వినబడింది. దీపాలు వెలిగేసరికి చెల్లెలు చేతులు చాచి నిలబడి ఉంది. జనం లేచి చప్పట్లు కొడుతున్నారు. కొందరు ఏడుస్తున్నారు.

చెల్లెలు తిన్నగా అక్కవైపే చూసి నవ్వింది. పళ్లు కనబడకుండా.

ఆ తర్వాత బొమ్మలావిడ మూడు నాలుగుసార్లు ఆ ప్రోగ్రాం తెరిచింది. ఇంట్లో తలుపులు వేసుకుని, మీట నొక్కి, తెరకు ముఖం ఆనించి కూర్చుంది. “చిన్నీ” అని పిలిచింది. యంత్రం పెంచింది, ఇంకా పెంచింది, పెంచగలిగినంతా పెంచింది. గీత కదల్లేదు. తలుపు మూసింది తన చెయ్యే. తెరవడం ఎలాగో ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు.

సౌండాయన ఫోను చేశాడు. “ఆ రోజు రికార్డింగు విన్నాను తల్లీ. వాయిద్యాలు పడ్డాయి, చప్పట్లు పడ్డాయి. పాట పడలేదు. మొదటి నుంచి చివరిదాకా ఒక్క ముక్క పడలేదు.” దగ్గాడు. “మైకు పాడైందనుకుందాం.”

“అలాగే అనుకుందాం అన్నా.”

ఎవరికి చెప్పుకుంటుంది? అందరికీ సంబరమే. చెల్లెలు లేచింది, తిరుగుతోంది, నాలుగు ఊళ్ల నుంచి పిలుపులొచ్చాయి. “అక్కా” అని పిలుస్తుంది కూడా. ఆ పిలుపు విన్నప్పుడల్లా అక్కకు వీపు మీద చన్నీళ్లు పోసినట్టుంటుంది.

నిన్న మధ్యాహ్నం చెల్లెలు సోఫాలో వెల్లకిలా నిద్రపోయింది. బొమ్మలావిడ పక్కనే నేలమీద కూర్చుంది. చెల్లెలి జుట్టులోంచి ఒక వెంట్రుక జారి పెదాల మీద పడి ఉంది. చెల్లెలు వదిలిన ఊపిరికి అది లేచి, కొసన వణుకుతూ నిలబడింది.

ఊపిరి పీల్చుకుంటే వెనక్కి వాలుతుందని బొమ్మలావిడ చూస్తూ కూర్చుంది.

గాలి బయటికే వస్తోంది. చల్లగా, ఆగకుండా, ఎక్కడో పెద్ద ఖాళీ చోటి నుంచి వస్తున్నట్టు.

కిటికీలో ఎండ తగ్గి గది మసకబడింది.

వెంట్రుక ఇంకా వెనక్కి వాలలేదు.