గిన్నె అడుగున

ఆ ఉదయం మబ్బు దిగివచ్చి ఇళ్ల కప్పుల మీద కూర్చుంది. కురవనూ కురవదు, కదలనూ కదలదు. ముందురోజు ఉతికిన బట్టలు వరండా తీగ మీద ఇంకా చెమ్మగానే వేలాడుతున్నాయి.

వంటింట్లో కోడలు రొట్టె డబ్బా మూత తీసి చూసింది. మూసి, మళ్లీ తీసి చూసింది. పడుకోబోయే ముందు తను సర్ది పెట్టిన ముక్కల్లో రెండు లేవు. ఒకనాడైతే పోనీలే అనుకునేది. నెలాఖరు వారం మొదలైన దగ్గర్నుంచీ ఇదే తంతు.

ఆమె బట్టల కార్ఖానాలో కటింగు బల్ల దగ్గర పనిచేస్తుంది. గుడ్డ పరిచి, దాని మీద అట్ట నమూనాలు పేర్చి, గీతలు గీసి కోసే పని. మిగతావాళ్లు కోశాక బల్ల కింద బుట్ట నిండా పీలికలుంటాయి. ఆమె కోశాక బుట్ట అడుగు కనిపిస్తుంది. అందుకే అక్కడ అందరూ ఆమెను కత్తెరమ్మ అంటారు. ఆ పేరంటే ఆమెకు లోలోపల ఇష్టమే.

భర్త అచ్చాఫీసులో యంత్రం నడుపుతాడు. ఎండాకాలంలో అక్కడ ఓవర్‌టైమ్ ఆపేశారు. అంతవరకు ఏ సరుకు అయిపోతే ఆ సరుకు కోసం కొట్టుకు పరుగెత్తే ఇల్లు అది. ఇక ఇలా కాదని కత్తెరమ్మ సరుకుల ఖర్చు తన చేతిలోకి తీసుకుంది. నెలకు ఇంత అని గీత గీసింది. బజారుకు ఒక్కసారే వెళ్లడం, ఏ రోజు ఏ పూట ఏం వండాలో ముందే రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించడం. కొలత తీసుకోకుండా కత్తెర పట్టే మనిషి కాదు గనుక, ముందు వారం రోజులు ఎవరి కంచంలో ఎంత పడుతోందో కళ్లతోనే కొలిచింది. దాన్నిబట్టి బియ్యం, పప్పు, కూరలు ఖాయం చేసింది. పొద్దున్నే ఆనాటికి కావలసినవి గ్లాసులతో కొలిచి గట్టు మీద పెడితే అత్తగారు వండుతుంది.

అత్తగారు విద్యార్థుల హాస్టల్లో వంట చేసి చేసి విశ్రాంతి తీసుకున్న మనిషి. విశ్రాంతి అన్నది పేరుకే, గరిటె ఇంకా ఆమె చేతిలోనే ఉంది. మొదటిరోజు గట్టు మీద గ్లాసులు చూసి, "ఇదేమన్నా మందా అమ్మాయ్, కొలిచి పోయడానికి" అంది. ఆ తర్వాత ఏమీ అనలేదు.

పథకం పారింది. నెల తిరిగినా గీత దాటలేదు. గిన్నెలు కడగబోతే ఒక్క మెతుకైనా అంటుకుని ఉండేది కాదు. అది చూస్తే కత్తెరమ్మకు ఖాళీ బుట్ట చూసినంత సంతోషం. మొగుడు అచ్చాఫీసులో ఈ సంగతి ఎంత గొప్పగా చెప్పుకున్నాడంటే, తోటివాళ్ల పెళ్లాలు అతన్ని తిట్టుకోవడం మొదలుపెట్టారు.

అలాంటి ఇంట్లో ఇప్పుడు రొట్టె పోతోంది. మొగుణ్ణి అడిగితే తనకు రొట్టె చూస్తేనే జ్వరం గుర్తొస్తుందన్నాడు. కాలేజీకి వెళ్లే కూతుర్ని అడిగితే, దొంగతనమే చేయాల్సి వస్తే ఇంకాస్త రుచిగా ఉండేది చూసుకుంటానంది. ఇక మిగిలింది అత్తగారు ఒక్కరే. కింది వాటావాళ్లకు ఒక కుక్క ఉంది. మధ్యాహ్నాలు అత్తగారు మెట్ల మీద కూర్చుని దానితో కబుర్లు చెబుతుందని వీధిలో అందరూ ఎరుగుదురు.

కత్తెరమ్మకు ఒళ్లు మండింది. గీత దాటకూడదని కార్ఖానాలో సాయంత్రం టీ మానేసింది తను. వారానికోసారి తినే మాంసాన్ని కోడిగుడ్లకు దించింది. ఆ మిగిల్చిన రొట్టె కుక్క పాలా? రొట్టె, గుడ్లు, అరటిపళ్లు తీసి గోడ బీరువాలో పెట్టి తాళం వేసింది. పక్కనే ఉల్లిపాయలు తరుగుతున్న అత్తగారి కత్తి తాళం చప్పుడుకు ఒక్క క్షణం ఆగింది. మళ్లీ కదిలింది.

సాయంత్రం ఆమె ఇల్లు చేరేసరికి పొయ్యి వెలిగించి లేదు. అత్తగారు పీట వేసుకుని బీరువాకు ఎదురుగా కూర్చుని ఉంది. మొగుడు గుమ్మంలో నిలబడి చొక్కా గుండీతో ఆడుకుంటున్నాడు. కూతురు పుస్తకం తెరిచి ఉంచిందే గానీ చదవడం లేదు.

"ఆ తాళం ఎవరి కోసం వేశావమ్మాయ్?" అంది అత్తగారు.

"రొట్టె తీసేవాళ్ల కోసం."

"పేరు పెట్టి చెప్పు."

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేనెంత, అత్తయ్యా?"

మొగుడు మధ్యలోకి వచ్చాడు. రావడం రావడమే తప్పుడు కాలు పెట్టాడు. కుక్కకు పెట్టాలని ఉంటే ఆ మాట ముందే చెప్పి ఉండాల్సింది కదా అని తల్లితో మెల్లగా అన్నాడు.

ముసలామె కొడుకు వంక చూసింది. లేచి, చీరకు కట్టుకున్న వంటగుడ్డ విప్పి మడిచి గట్టు మీద పెట్టింది. రేపట్నుంచి ఎవరి కొలతకు వాళ్లే వండుకోండి, నేను చెల్లెలి దగ్గరకు పోతాను అంది. గొంతు పెంచలేదు. పెంచకుండానే హాస్టల్లో అంతమంది పిల్లల్ని అదుపు చేసిన గొంతు అది.

అప్పుడు కూతురు పుస్తకం మూసింది.

"నానమ్మా, ఇవాళ మధ్యాహ్నం ఏం తిన్నావు?"

"తిన్నాను."

"అదే, ఏం తిన్నావు?"

"వంటమనిషి ఏం తింటుందే? అందరికీ పెట్టాక గిన్నెలో ఉన్నది తింటుంది. అక్కడా అంతే, ఇక్కడా అంతే." ఆమె కోడలి వైపు తిరిగింది. "ఏం ఉందో మీ అమ్మనడుగు. మీరు పట్టుకెళ్లే మూడు అన్నం డబ్బాలు కట్టాక గీకినా గరిటెకు అంటడం లేదు. రాత్రి మీ ముగ్గురికీ వడ్డించాక కూడా అంతే. పొద్దున టీలో రెండు రొట్టె ముక్కలు ముంచుకుంటే దొంగనయ్యాను. కుక్కకు పెట్టేంత మిగిలితే నేనే తినేదాన్ని."



కత్తెరమ్మకు ముందు వచ్చింది జాలి కాదు, కోపమే. వారమంతా కొలిచింది తను. కంచాలు కొలిచింది. కంచంలో తినని మనిషి ఆ కొలతలో పడలేదు.

"నోరు తెరిచి చెప్పొచ్చు కదా అత్తయ్యా. నేనేమన్నా పరాయిదాన్నా?"

"హాస్టల్లో పిల్లలకు నేను చెప్పుకునేదాన్నా, నాకు ఆకలేస్తోందని? గిన్నె చూస్తే తెలిసే సంగతి అది. నువ్వు రోజూ గిన్నె చూశావు. చూసి మురిసిపోయావు."

"మాకు కాస్త తక్కువ వడ్డించి ఉంచుకోవాల్సింది."

"వడ్డించే చెయ్యి వెనక్కి లాక్కోవడం నాకు చేతకాదు."

మొగుడు గొంతు సవరించుకున్నాడు. "అడగందే అమ్మయినా పెట్టదంటారమ్మా. నువ్వు నన్నన్నా అడగాల్సింది."

"ఆ మాట పుట్టించినవాడు అమ్మ చేతి అన్నం తిని ఉండడు" అంది ముసలామె. "నిన్ను నేనెప్పుడైనా అడగనిచ్చానుట్రా?"

కత్తెరమ్మ కోపం అప్పుడు దారి మళ్లింది. తను ఈ ఇంటికి పెళ్లయి వచ్చింది. ఈయన ఇక్కడే పుట్టాడు. తల్లి వండిందే తిని ఇంత ఎత్తయ్యాడు.

"ఏమండీ" అంది. "మీ అమ్మగారి కంచం ఏదో తీసి చూపించండి."

అతను గిన్నెల అలమర దగ్గరకు వెళ్లాడు. అంచు నొక్కుకుపోయినది తనది. పువ్వులున్నది కూతురిది. లోతుగా ఉన్నది పెళ్లాం తెచ్చుకున్నది. అతను గ్లాసులు జరిపి చూశాడు, పళ్లేలు జరిపి చూశాడు. ఇక జరపడానికి ఏమీ లేకపోయాక అలమర వైపే తిరిగి నిలబడిపోయాడు. వీపు మాత్రం కదులుతోంది. ఇన్నేళ్లలో ఆ మనిషి ఏడవగా ఆమె చూడలేదు.

కత్తెరమ్మ కళ్లు తుడుచుకోలేదు. తుడుచుకుంటే పని ఆగుతుంది. బీరువా తాళం తీసింది. బియ్యం గ్లాసుతో కాక చేత్తో తీసి పోసింది. రేపటి గుడ్లు, ఎల్లుండి బంగాళాదుంపలు గట్టు మీద పెట్టింది. ఇలా చేస్తే నీ నెల గీత దాటుతుందని అత్తగారు పొడిగా అంది.

"దాటదు. గుడ్డ అంతే ఉంటుంది, నలుగురికి కోయాలి. ఇన్నాళ్లూ ముగ్గురికి కోసి గొప్ప పనిమంతురాలిననుకున్నాను."

తన డబ్బాలో కాస్త తగ్గించినా పరవాలేదని మొగుడు అన్నాడు. అందరి డబ్బాలోనూ తగ్గుతుందనీ, ఆదివారం గుడ్డు ఒక్కొక్కరికి సగమేననీ కత్తెరమ్మ తేల్చి చెప్పింది. కూతురు ఉల్లిపాయలు తరగడానికి కూర్చుంది. కాసేపటికి ముసలామె ఉండబట్టలేక, ఆ తరగడం చూడలేక, కత్తి లాక్కుంది.

వంటయ్యాక కత్తెరమ్మ అలమరలోంచి లోతు కంచం తీసి అత్తగారి ముందు పెట్టింది. తనకు ఒక పళ్లెం వేసుకుంది.

"నాకు అందరితో కూర్చుని తినడం అలవాటు లేదమ్మాయ్."

"నాకూ తప్పు ఒప్పుకోవడం అలవాటు లేదత్తయ్యా. ఇద్దరం ఇవాళే నేర్చుకుందాం."

ముసలామె గరిటె కోసం చెయ్యి చాపింది. గరిటె అప్పటికే మనవరాలి చేతిలో ఉంది. ఆ పిల్ల అందరికంటే ముందు నానమ్మకు వడ్డించింది. తర్వాత మిగతావాళ్లకు. గిన్నె అడుగున ఒక మనిషి తినేంత అన్నం ఉండిపోయింది. ఎవరూ దాని వంక చూడనట్టే ఉన్నారు.

అన్నం కలుపుకున్నారు. ముసలామె అలవాటు కొద్దీ అందరూ మొదలుపెట్టాలని చూస్తోంది. కొడుకు చెయ్యి కంచంలోనే ఉంది, నోటికి వెళ్లలేదు. కోడలిదీ అంతే. మనవరాలిదీ అంతే. ఆమె ముగ్గురి ముఖాలూ ఒకసారి చూసింది. తల వంచుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది.

అప్పుడు వాళ్లూ తిన్నారు.