ఆఖరి గుంపు ఒక్కటే మిగిలింది

ఆగండాగండి! పేజీ తిప్పేయకండి, ముందు ఇది వినండి.

ఎనభై ఎనిమిది వేసవి. గుంటూరులో ఒక మేడమీది కంప్యూటర్ సెంటరు. సత్తెనపల్లి టీచరు రెబ్కా నెల్లాళ్ళుగా అక్కడికి వస్తోంది. మిరప తొడిమలు తీసే ఆడవాళ్ళనీ, పత్తికి మందు కొట్టే మగవాళ్ళనీ కళ్ళమంటల గురించి అడిగి సర్వే చేసింది. ఆపరేటర్ రామచంద్రమూర్తితో రోజూ పోట్లాటే. ఆ పోట్లాట లేనిదే మూర్తికి అన్నం సయించదు!

ఆరోజు మూర్తి అందరికీ ఒకటే సగటు తీసి చేతిలో పెట్టాడు.

"కలిపేశారేంటండీ? మగాళ్ళతో కలిపితే మా ఆడాళ్ళ మంట పల్చబడిపోదూ? ఈ లెక్క చూసే, కళ్ళడాక్టర్లు ఏ ఊరెళ్ళాలో ఇవాళ తేల్చేస్తారు!"

"కోప్పడకండి మేడమ్. గుంపు గుంపుకీ విడిగా తీసి, టేబుల్‌గా సేవ్ చేస్తా. చిటికెలో పని!"

అద్దంకి ఆడవాళ్ళు, సేవ్. సత్తెనపల్లి ఆడవాళ్ళు, సేవ్. పత్తి మగవాళ్ళు, సేవ్. దర్జాగా టేబుల్ తెరిచాడు. ఒక్కటే వరుస! పత్తి మగవాళ్ళు!

"మావాళ్ళేరీ?"

మూర్తికి చెమటలు పట్టాయి. మూడుసార్లూ అదే ఫైలు పేరు కొట్టాడు. కొత్తది వచ్చినప్పుడల్లా పాతదాన్ని తుడిచేసింది.

"నన్ను చూడ్డం మాని స్క్రీను చూడొచ్చుగా!"

"చూడకుండా ఉండలేకపోతున్నానండీ." నోరు జారింది.

రెబ్కా చెవులు ఎర్రబడ్డాయి. "ముందు... ముందు పని కానివ్వండి!"

ఈసారి ఒక్కో గుంపు లెక్కనీ ముందుదాని కిందే చేర్చాడు. వరుస కింద వరుస! సత్తెనపల్లి ఆడవాళ్ళు అందరినీ మించిపోయారు, పదిమందిలో ఎనిమిదిమందికి కళ్ళమంట. ప్రింటరు కీచుమంటుండగానే కాగితం చింపుకుని రెబ్కా పరుగో పరుగు.

కాసేపటికి కింద జీపు హారన్. మూర్తి మెట్లు దూకాడు. వెనక డాక్టర్లు, ముందు సీట్లో వెలిగిపోతూ రెబ్కా.

"మా ఊరికేనండీ, ఇప్పుడే! మీరూ ఎక్కండి. మా నాన్నకి చెప్పాలి."

"లెక్కలా?"

"లెక్కలు ఆయనకెందుకూ? మిమ్మల్నే చేసుకుంటానని!"

మూర్తి జీపు కమ్మీ పట్టుకున్నాడు. "మరి... మా అమ్మ గోల?"

"మా నాన్న జక్రయ్య పాస్టరుగారి గోల తక్కువనుకున్నారా? ముందు ఒకరి సంగతి చూద్దాం, ఎక్కండి!"

జీపు కదిలింది. అప్పుడు చుర్రుమన్నాయి, ఇంకా ఎండ రోడ్డుమీదే ఉన్న మూర్తి కాళ్ళు. కంప్యూటర్ గదిలోకి చెప్పులతో రానివ్వరు కదా, అవి పైన గుమ్మం దగ్గరే ఉండిపోయాయి.

మీరైతే చెప్పులకోసం పైకి పరిగెత్తేవాళ్ళా, జీపెక్కేవాళ్ళా?