మూడు గంటల తొవ్వ

డాక్టర్లు చేతులెత్తేసి ఇంటికి పంపిన నాలుగో రోజు పొద్దున్నే ఇందుబాయి కళ్ళు తెరిచి, "హన్మంతు ఎప్పుడస్తడే?" అని అడిగింది. ఆ ఒక్క మాటకే కూతురు సారిక గుండె కరిగిపోయింది. ఆరేళ్లుగా అమ్మ నోట ఆమె తమ్ముడి పేరు వినలేదు మరి!

అప్పట్లో సారిక పెళ్లికి మేనమామ హన్మంతు ఎక్కిన రైలు ఆలస్యమైంది. ముహూర్తం దాటిపోతుందని, పెళ్లికూతురి వెనక మామ నిలబడాల్సిన చోట ఇంకొకర్ని నిలబెట్టారు. హన్మంతు పందిట్లోకొచ్చి అది చూసి, "నాకోసం జరంత ఆగలేదా అక్కా?" అని వెనుదిరిగాడు. ఆ కోపంతోనే ఒమన్ పోయి, ఎడారిలో కూలీల క్యాంపులో వంటవాడిగా కుదిరాడు.

నిన్న సారిక ఫోన్ చేస్తే మాత్రం, "అస్తున్న బిడ్డా" అని ఏడ్చాడు. ఇప్పుడామె గబగబా ఫోన్‌లో వెతికింది. మస్కట్ నుంచి హైదరాబాద్‌కు రెండువేల రెండువందల కిలోమీటర్లు, విమానంలో మూడు గంటలు. అడిగినంతకే జవాబిచ్చే రకం ఆ ఫోను. "మూడు గంటల తొవ్వనే అమ్మా," అంది సంబరంగా.

ఇందుబాయి గోడ గడియారం చూసింది. తొమ్మిదైంది. "అయితే పన్నెండుకు అస్తడు. నా తల దువ్వు. వాడు తెచ్చిన చీరనే నామీద కప్పాలె, ఇంకెవ్వలదీ అద్దు." ముత్తైదువ పోతే ఆఖరి చీర పుట్టింటి నుంచే రావాలి. అది వాళ్ల ఆనవాయితీ.

పన్నెండు దాటింది. ఒంటిగంటకు మామ ఫోన్ చేశాడు. సెలవు ఇప్పుడే ఇచ్చారట. క్యాంపు నుంచి మస్కట్‌కే బస్సులో తొమ్మిది గంటలు, విమానం దిగాక తమ ఊరు నాందేడ్‌కు ఇంకో ఆరు... రేపు పొద్దున గాని చేరలేడు.

సారిక ఉన్నదున్నట్టు చెప్పింది. తల్లి నమ్మలేదు.

"పొద్దుగాల మూడు గంటలన్నవ్ గదనే... ఉత్తగ సముదాయించకు. వాని కోపం ఇంకా పోలే."

గోడవైపు తిరిగి పడుకుంది. సారిక కాళ్లు పట్టుకుని బతిమాలినా ఇటు తిరగలేదు. మూడున్నరకు ప్రాణం పోయింది.

"మామ కోసం ఆగుదాం బాపూ," అని సారిక తండ్రి చేతులు పట్టుకుంది. ఉమాకాంత్ తల అడ్డంగా ఊపాడు. "ఎండాకాలం బిడ్డా, రేపటిదాంక ఎట్లుంచుతం?" పొద్దుగూకేలోపే బజారు చీర కప్పి గోదావరి ఒడ్డుకు తీసుకుపోయారు.

మర్నాడు పదింటికి హన్మంతు ఆకుపచ్చ చీరతో గుమ్మంలో నిలబడ్డాడు. ఖాళీ మంచం చూశాడు.

"ఈసారీ నాకోసం ఆగలేదా అక్కా..."

సారిక వెక్కి వెక్కి ఏడ్చింది. నాలుగ్గంటలసేపు గడియారం చూస్తూ ఆగిందని అంటే చాలు, మామ మనసు కాస్త తేలికపడేది. కానీ అది సగం నిజం. మిగతా సగం తన పాపం.

"ఆగింది మామా. నువ్వు రానే రావనుకొని పోయింది. మూడు గంటలేనని చెప్పింది నేనే..."

హన్మంతు మంచం దగ్గరికి నడిచాడు. చీర మడతలు విప్పి, ఉత్త మంచం మీద తలవైపు నుంచి కాళ్లదాకా కప్పాడు.