గీత దాటిన పాట

ఇంట్లో పాట ఎలా వినాలన్న విషయంలో ఆ మొగుడూ పెళ్ళాలకు ఏనాడూ పొసగలేదు. మిగతా విషయాల్లో పాలూ నీళ్ళలా కలిసిపోయే మనుషులే. పాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఉప్పూ నిప్పూ.

అతని పని పాత శబ్దాలను శుభ్రం చేయడం. ఎప్పుడో రికార్డు చేసిన ఉపన్యాసాలూ ఇంటర్వ్యూలూ తెచ్చిస్తే, వాటిలోంచి ఫ్యాను హోరు, దగ్గులు, పక్కింటి కుక్క అరుపులు ఏరి పారేసి, మాట ఒక్కటే మిగిల్చి ఇస్తాడు. ఆఫీసులో అందరూ అతన్ని చీపురు అంటారు. మొదట్లో ఉడుక్కున్నాడు గానీ ఇప్పుడు ఫోనెత్తి తనే "చీపురు మాట్లాడుతున్నా" అంటాడు. అలాంటివాడికి రికార్డు ప్లేటు మీద ముల్లు చేసే చిటపట వింటే ఒళ్ళు మండదా మరి? గదికొక చిన్న స్పీకరు పెట్టించుకున్నాడు. ఫోను మీద వేలు ఆనిస్తే చాలు, వంటింట్లో మొదలైన పాట అతను ఏ గదిలోకి పోతే ఆ గదిలోకి వెంట నడిచి వస్తుంది.

ఆమె పళ్ళ డాక్టరు. వాళ్ళ నాన్న ఒక స్టూడియోలో పాటను ప్లేటు మీద గాడిగా చెక్కి రికార్డులు కోసే యంత్రం మీద జీవితమంతా పనిచేసి, పోయినేడు కన్నుమూశాడు. కూతురికి మిగిల్చింది ఒక ప్లేయరూ, పెట్టెల కొద్దీ రికార్డులూ. బతికున్నప్పుడు అల్లుడి స్పీకర్లు చూసి ముసిముసిగా నవ్వేవాడు. "కరెంటు పోతే నీ పాట పోతుంది అల్లుడూ. నాది వేలితో తిప్పినా పాడుతుంది" అనేవాడు.

కూతురు ఆయన నోట్లోంచి ఊడిపడింది. "నీ స్పీకర్లలో పాట పథ్యం కూడులా ఉంటుంది. ఉప్పూ లేదు, కారం లేదు" అనేది.

"రోజంతా పళ్ళు తొలిచే మిషను మోత వింటావు. నీ చెవులకు రుచేం తెలుస్తుంది తల్లీ" అనేవాడు చీపురు.

పెట్టెలు ఉన్నది చిట్టి గదిలో. చిట్టి వాళ్ళ ఒక్కగానొక్క కూతురు, ఇంకా బడి మొహం చూడలేదు. పిల్లకు మంచి మంచం వేయాలంటే పెట్టెలు కదలాలి. అవి కదలాలంటే డాక్టరమ్మ ఒప్పుకోవాలి. చివరికి గొడవ పందెం దాకా వచ్చింది.

పెట్టెల్లో ఒక రికార్డు ఉంది. దాని అట్ట మీద పేరు లేదు, లోకంలో దానికి రెండో ప్రతి లేదు. డాక్టరమ్మ పాలు తాగే పసిగుడ్డుగా ఉన్నప్పుడు వాళ్ళమ్మ పాడిన లాలి అది. వాళ్ళ నాన్నే స్వయంగా కోసిన ప్లేటు. ఆ వారంలోనే ఆవిడ నిద్రలో పోయింది. జబ్బు లేదు, జ్వరం లేదు. పక్కలో పిల్ల ఏడుస్తుంటే వెళ్ళి చూశారట. డాక్టరమ్మకు అమ్మంటే ఆ పాటే. అదీ సగమే. ప్లేటుకు అడ్డంగా లోతైన గీత ఒకటి ఉంది. ముల్లు అక్కడికి రాగానే వెనక్కి దూకుతుంది.

"గీత దాటించి మీ అమ్మ పాట మొత్తం వినిపిస్తా" అన్నాడు చీపురు. "వినిపిస్తే నీ పెట్టెలు బయటికి. లేకపోతే నా స్పీకర్లు బయటికి. సరేనా?"

మాటకు మాట అప్పజెప్పే మనిషి ఈసారి వాదనకు దిగలేదు. "సరే" అంది. అతని మొహం చూడకుండా అంది.

ఆ మర్నాడు పొద్దుటినుంచే వాన. ఆమె క్లినిక్‌కు వెళ్ళింది. చీపురు హాల్లో ప్లేయరును కంప్యూటరుకు తగిలించి కూర్చున్నాడు. చిట్టి పక్కనే చాప మీద బోర్లా పడుకుని రంగు పెన్సిళ్ళతో ఏనుగుకు రెక్కలు వేస్తోంది. అట్టలోంచి ప్లేటు తీయగానే తడిసి ఆరిన కాగితం వాసన వేసింది. ముల్లు దించాడు. చిటపటల వెనకనుంచి సన్నటి ఆడగొంతు... తొందరలేని గొంతు.

దీపాన్ని తగ్గించి తలుపు వేశానమ్మ,
గడప దాకా వచ్చి నిలిచింది నిద్దర...

అక్కడ టిక్కుమంది. గడప దాకా వచ్చి... టిక్. గడప దాకా వచ్చి... టిక్.

"ఆవిడకి తర్వాత పాట రాదా?" అంది చిట్టి.

"వచ్చు. మధ్యలో గొయ్యి ఉంది, దాటలేకపోతోంది. చూడు, మనం దాటిద్దాం."

జేబులోంచి ఒక నాణెం తీసి ముల్లు ఉన్న తల మీద పెట్టాడు. పాతకాలపు చిట్కా అది. బరువు పడితే ముల్లు ఎగరదు, గీతను దున్నుకుంటూ పోతుంది. ప్లేటు పాడవుతుందని రికార్డు ప్రేమికులు గుండెలు బాదుకుంటారు. ఎలాగూ బయటికి పోయే ప్లేటేగా అనుకున్నాడు.

ముల్లు కిర్రుమని గీత ఎక్కింది. దిగింది.

లోనికి రావమ్మ, పాప కళ్ళల్లోకి...

చీపురుకు ఒళ్ళు పులకరించింది. ఇన్నేళ్ళ తర్వాత ఈ మాట మొదట విన్నది తనే. పెళ్ళాం మొహం ఎలా వెలిగిపోతుందో అనుకున్నాడు. అప్పుడు వినిపించింది పాట కింద ఇంకో గొంతు. మాటలు లేవు. అదే వరసలో సన్నగా కూనిరాగం. ఆడగొంతూ కాదు, మగగొంతూ కాదు. ముందు ఎక్కడో దూరంగా ఉంది. తర్వాత గది అవతల ఉంది. తర్వాత మైకు పక్కనే ఉంది. అడుగుల చప్పుడు మాత్రం లేదు. పాడుతున్న గొంతు సగం మాటలో ఆగిపోయింది. కుర్చీ జరిగింది. "ఎవరదీ?" అని గుసగుసగా అడిగింది ఆవిడ. అంతే... ప్లేటు అయిపోయింది.

"మామగారే పక్కన నిలబడి కూనిరాగం తీసుంటాడు" అని పైకే అనుకున్నాడు చీపురు.

చీపురు బుద్ధి ఎక్కడికి పోతుంది? ఊడ్చాడు. చిటపటలు తీసేశాడు. టిక్కు తీసేసి పాటకు పాట అతికించాడు. కుర్చీ చప్పుడూ, ఆ ప్రశ్నా కోసేశాడు. కూనిరాగాన్ని తెర మీద గుర్తు పెట్టి, గొంతు కిందినుంచి దారప్పోగులా లాగేశాడు. మిగిలింది ఆవిడ గొంతొక్కటే, కడిగిన అద్దంలా.

చిట్టి ఇదంతా తెర మీద చూస్తూనే ఉంది. "తీసేసినవి ఎక్కడికి పోతాయి నాన్నా?"

"ఎక్కడికీ పోవు. ఉండవంతే."

"ఎక్కడికో అక్కడికి పోవాలిగా?"

"నీకు అన్నీ కావాలి. పద, మధ్యాహ్నం నిద్ర టైమయింది. మీ అమ్మమ్మ పాట పెడతా."

చిట్టిని పడుకోబెట్టి, దాని గదిలోని స్పీకర్లో పాట పెట్టాడు. అయిపోగానే మళ్ళీ మొదలయ్యేలా పెట్టి, టీ కోసం వంటింట్లోకి వెళ్ళాడు. బయట మబ్బు ముదిరి మిట్టమధ్యాహ్నమే సాయంత్రంలా ఉంది. పాలు పొంగుకొస్తున్నాయి. నడవాలోంచి పాట వినిపిస్తోంది. దాని కిందే... కూనిరాగం.

'సరిగ్గా ఊడవలేదన్నమాట' అనుకున్నాడు. ఫోను తీసి పాట ఆపాడు.

పాట ఆగింది.

కూనిరాగం ఆగలేదు.

స్టవ్ ఆర్పాడు. అప్పుడే కరెంటు పోయింది. ఫ్రిజ్ చప్పుడు, కంప్యూటరు ఫ్యాను చప్పుడు ఆగిపోయి... ఒక్కసారిగా ఇల్లంతా చెవి రిక్కించినట్టయింది. స్పీకర్లన్నీ చచ్చి పడున్నాయి. ఆ రాగం మాత్రం తీరిగ్గా చిట్టి గదిలో సాగుతోంది. నడవాలో ఘాటు వాసన. గోళ్ళ రంగు సీసా మూత తీసినట్టు. ఇప్పుడే కోసిన ప్లేటు అలాగే వాసనేస్తుందని మామగారు ఒకసారి చెప్పాడు.

చిట్టి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి.

"నాన్నా... పడుకోమంటోంది" అంది నెమ్మదిగా. "నా కళ్ళల్లోకి వస్తుందట."

పిల్లను ఎత్తుకుని ఒక్క అంగలో హాల్లోకి వచ్చాడు. రాగం వెంట వచ్చింది. వీధి తలుపు దగ్గరికి పరిగెత్తాడు. అక్కడికీ వచ్చింది, చిట్టి చెవి పక్కకి. ఏ గదిలోకి పోతే ఆ గదిలోకి... తను పెట్టించుకున్న ఏర్పాటే. చిట్టి కళ్ళు మూతలు పడుతున్నాయి. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరుగుతోంది. చెంప మీద తట్టాడు. "చిట్టీ, లే అమ్మా. లే, బంగారూ." పిల్ల మెడ వాలిపోయింది.

భార్యకు ఫోన్ చేశాడు.

"పాట గీత దాటించాను. పాటలో ఇంకెవరో... ఇప్పుడు ఇంట్లో ఉంది. చిట్టి లేవడం లేదు."

అవతల ఆమె ఏడ్చింది.

"ఆ గీత నాన్నే గీశాడు" అంది. "మేకుతో గీశాడు. నా చిన్నప్పుడు చూశాను, ఏడుస్తూ గీశాడు. నీకు చెబితే దాటించవని చెప్పలేదు. అమ్మ పాట చివరిదాకా వినాలని... ఒక్కసారి వినాలని..."

"ఇప్పుడేం చెయ్యను? అది చెప్పు!"

"రోజూ సాయంత్రం ఆ రికార్డు పెట్టేవాడు. గీత దగ్గర పాట తిరిగి తిరిగి పాడుతుంటే తలుపు వైపు చూస్తూ నిలబడేవాడు. 'అక్కడే ఉండు' అనేవాడు. అప్పుడు ముల్లెత్తేవాడు. నాతోనే అంటున్నాడనుకునేదాన్ని... పెట్టు, రికార్డు పెట్టు! నేను వస్తున్నా."

కరెంటు లేదు. ప్లేయరు పళ్ళెం కదలదు. అప్పుడు మామగారి ముసిముసి నవ్వు గుర్తొచ్చింది. వేలితో తిప్పినా పాడుతుంది.

చిట్టిని చాప మీద పడుకోబెట్టాడు. ముల్లు దించి, ప్లేటు అంచున వేలు ఆనించి తిప్పాడు. స్పీకరు లేకుండా ముల్లే పాడింది, దోమ అంత గొంతుతో. వేలు తొందరపడితే గొంతు కీచుమంటోంది, తడబడితే సాగిపోతోంది. కంటే కూతుర్నే కనాలని మురిసినవాడు, ఆ కూతురి ఊపిరి వింటూ తిప్పాడు. ఒక ఊపిరి... చాలాసేపటికి ఇంకొకటి... ఇంకొకటి కోసం ఎదురుచూపు...

దీపాన్ని తగ్గించి...

కూనిరాగం చిట్టి దగ్గర్నుంచి కదిలింది. పాట వైపు వచ్చింది. అతని భుజం మీదుగా వంగింది. గోళ్ళ రంగు వాసనకు కళ్ళు మండాయి. తల తిప్పలేదు.

...తలుపు వేశానమ్మ...

అప్పుడు చూశాడు. నాణెం. ముల్లు తల మీద నాణెం అలాగే ఉంది. ఇంకొక్క చుట్టు తిరిగితే ముల్లు మళ్ళీ గీత దాటిపోతుంది. ఎడమచేత్తో గోరు దూర్చి నాణేన్ని లాగాడు. అది నేల మీద పడి దొర్లుకుంటూ పోయింది.

గడప దాకా వచ్చి... టిక్.

వెనక్కి దూకింది.

గడప దాకా వచ్చి... టిక్. గడప దాకా వచ్చి... టిక్.

కూనిరాగం కూడా అక్కడే తడబడింది. మళ్ళీ అందుకుంది. మళ్ళీ తడబడింది. చీపురు తలుపు వైపు చూశాడు. "అక్కడే... ఉండు" అన్నాడు. ముల్లెత్తాడు.

వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. చిట్టి గట్టిగా ఒక ఊపిరి పీల్చి, పక్కకు ఒత్తిగిల్లింది. ఒళ్ళు వెచ్చగా ఉంది. అతను చాప మీదే కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

డాక్టరమ్మ తడిసి ముద్దయి వచ్చేసరికి కరెంటు వచ్చింది. చిట్టి నాడి చూసింది, రెప్పలు ఎత్తి చూసింది, ఊపిరి విన్నది. అంతా బాగానే ఉంది. పిల్లను మంచం మీద పడుకోబెట్టారు. అతను శుభ్రం చేసిన పాటను చెరిపేశాడు. స్పీకర్లన్నిటి తీగలూ పీకేశాడు.

"నువ్వే గెలిచావు" అన్నాడు. "రికార్డులే ఉంచుదాం. దాన్ని మాత్రం జాగ్రత్తగా పెట్టు, ఆ గీతే మనకు తలుపు గడియ."

ఆమె ప్లేటును తీసి దీపం కింద వంచి చూసింది. తిప్పి చూసింది. మళ్ళీ వంచి చూసింది.

"గీత ఏదీ?" అంది.

అతను వేలితో తడిమాడు. ప్లేటు నున్నగా ఉంది. ఎక్కడా చిన్న గాటు కూడా లేదు.

చిట్టి గదిలోంచి పాట వినిపించింది. చిట్టి గొంతే. ఇద్దరూ పరిగెత్తారు. పిల్ల వెల్లకిలా పడుకుని, కళ్ళు మూసుకుని, నిద్రలోనే పాడుతోంది.

"గడప దాకా వచ్చి..." గొంతులో ఏదో టిక్కుమంది. "గడప దాకా వచ్చి..." టిక్. "గడప దాకా వచ్చి..."

"ఎత్తు" అంది ఆమె, అతని చెయ్యి గట్టిగా పట్టుకుని. "ఎత్తెయ్!"

చీపురు వంగి, ముల్లెత్తినట్టే, రెండు చేతులూ వేసి కూతుర్ని మంచం మీదినుంచి ఎత్తుకున్నాడు. పాట ఆగింది. చిట్టి కళ్ళు తెరవలేదు. అతని భుజం మీద తల ఆన్చి, ఎంతో ముద్దుగా, అతని చెవిలో అంది.

"పాట ఇంకొంచెమే ఉంది నాన్నా. దించు."