ఎండని ఆకు

మాఘం వెళ్ళిపోతోంది. పక్క చేలలో పసుపు తవ్వకాలు కూడా అయిపోయాయి. ఈ ఒక్క చేలోనే ఆకు ఇంకా నవనవలాడుతోంది. గట్టు మీద చతికిలబడిన డాక్టర్ మాణిక్యాంబ సృష్టే ఆ పచ్చదనం, కానీ చూసి మురిసిపోయే ఓపిక ఆమెకు లేదు.

ఆమె చేసింది చెప్పుకోవడానికి సులువే. ఆకు కణంలో ఎండను తిండిగా మార్చే క్లోరోప్లాస్టు ఉంటుంది. పొయ్యి వెలిగిస్తే పొగ తప్పనట్టు, అక్కడ చురుకైన ఆక్సిజన్ అణువులు పుడుతూనే ఉంటాయి. అవి దొరికినదాన్నల్లా దెబ్బతీసి ఆకును ముసలిదాన్ని చేస్తాయి. మాణిక్యాంబ మందు వాటిని పుట్టినచోటే ఆర్పేస్తుంది. ఆకు ఎంతకాలం పచ్చగా ఉంటే గడ్డ అంత ఊరుతుందన్న నమ్మకంతో సగం జీవితం ఆ మందుకే ధారపోసింది.

"ఆకు ఎండినంకనే పార ముట్టాలె మేడం. మా తాత కాలం నుంచి గదే లెక్క," అన్నాడు ఆ చేను రైతు నడిపి గంగారాం. "ఇంటి విత్తనమంతా మీ మాట మీద ఈడనే పెట్టిన. ఇంకెన్నొద్దులు ఆగాలె?"

"ఇక ఆగొద్దు గంగారాం, తవ్వు."

అతను అయిష్టంగానే పార వేశాడు. నడుమెత్తు ఆకు కింద చిటికెన వేలంత కూడా లేని కొమ్ములు. నొక్కితే నీళ్ళు.

మాణిక్యాంబకు అప్పుడర్థమైంది. ఆ అణువులు తెచ్చేది ముసలితనమే కాదు, కబురు కూడా. నీ కాలం అయింది, దాచుకున్నది గడ్డకు పంపెయ్యమని ఆకుకు చెప్పేవి అవే. ఆ కబురు నోరు నొక్కేసింది తనే.

"ఇవి మొలుస్తయా మేడం?"

"మొలవవు."

"మల్ల పెట్టనీకి ఇంట్ల కొమ్ము లేదు," అన్నాడతను నెమ్మదిగా. తిట్టినా బాగుండేది.

మందు ఆపేయమని ఆమె, దాన్ని తయారుచేసే కంపెనీ ఛైర్మన్‌ను అడిగింది. "ఆపడం దేనికండీ? ఆ కబురు కూడా డబ్బాలో పోసివ్వండి," అన్నాడాయన. వాదించే శక్తి లేక సరేనంది.

మరుసటి ఏడు బజారులోకి రెండు డబ్బాలు వచ్చాయి. ఒకటి ఆకు ముసలిదవకుండా, రెండోది ముసలిదవడానికి. రెండో దానికి మాణిక్యాంబకు సన్మానం చేశారు. రెండు డబ్బాలూ కొని, కంపెనీ విత్తనం వేసిన గంగారాంనే రైతుల తరఫున వేదిక మీదికి పిలిచారు.

అతను శాలువా కప్పుతూ, ఆమెకు మాత్రమే వినబడేలా అన్నాడు:

"ఈసారి ఆకు మంచిగ ఎండింది మేడం."