గోటి మీద పదును

రష్యాలోని పెర్మ్‌లో ఆ ఉదయం కూడా గెన్నడీ వంటింటి బల్ల దగ్గర కూర్చుని కొడుకు స్కేట్లకు సానపడుతున్నాడు. ఒకప్పుడు మంచు మీద హాకీ ఆడిన మనిషి. కొడుకు రొడియోన్ బ్లేళ్ల మీద పదేళ్లుగా ఇంకొకరి చెయ్యి పడనివ్వలేదు. ఇంకో గంటలో పిల్లాడు కజాన్ రైలెక్కాలి. అక్కడి ఫిగర్ స్కేటింగ్ పోటీలో మొదటి ముగ్గురిలో నిలిస్తేనే జాతీయ జట్టులో చోటు.

"నాన్నా, గాల్లో నాలుగు చుట్లు తిరిగే ఆ చివరి గెంతు తీసేశాను," అన్నాడు రొడియోన్, గుమ్మంలోనే నిలబడి.

సానరాయి ఆగింది. "తీసేసి ఏం పెట్టావు?"

"గెంతేం లేదు. ఎనిమిది సెకన్లు మోకాలి మీద జారుతూ పోతాను."

"జడ్జీలు మోకాళ్లకు కూడా మార్కులేస్తున్నారా ఈమధ్య?"

"ఏడాదిలో బెత్తెడు పెరిగాను నాన్నా. ఆ గెంతుకి పదిసార్లలో ఎనిమిదిసార్లు పడుతున్నాను. పడి లేచేసరికి పాట ఒకచోట, నేనొకచోట."

"భయమని చెప్పరాదూ! పదేళ్లు తెల్లారి ఐదింటికి మంచు పక్కన కాపలా కాసింది నువ్వు పాకుతుంటే చూద్దామనా? నేను స్టేషనుకి రాను, పో."

రొడియోన్ కళ్లు ఎర్రబడ్డాయి. తల్లి జోయా పొయ్యి కట్టేసి వచ్చింది. ప్రయాణానికి ముందు ఇంటిల్లిపాదీ ఒక్క నిమిషం నోరెత్తకుండా కూర్చోవాలి, లేకపోతే దారి కలిసిరాదు. గెన్నడీ మాత్రం గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"పంతం నాతో పట్టు, పిల్లాడి దారితో కాదు. కూర్చోవయ్యా," అంది జోయా.

కూర్చున్నాడు. పెట్టె మీద కూర్చున్న రొడియోన్ కళ్లు మూసుకుని, అలవాటుగా ఆటంతా చేతులతోనే నెమరేసుకుంటున్నాడు. ఉన్నట్టుండి ఆ చేతులు నెమ్మదించాయి. ఎడమచేత్తో లేని వస్తువేదో పట్టుకుని, దాని మీద ఊది, కుడి బొటనవేలి గోరు అడ్డంగా గీశాడు. పదును చూస్తున్నట్టు తల వంచాడు.

గెన్నడీ ముందుకు వంగి చూశాడు. అది తన వంపు, తన ఊపిరి. రోజూ పొద్దున్నే సానపట్టాక బ్లేడు పదును చూడటానికి తను చేసే పని.

"ఒరేయ్, ఆ ఎనిమిది సెకన్లూ ఇదేనా?"

"ఇదే నాన్నా. పుట్టి బుద్ధెరిగాక నేను చూసిందిదేగా."

గెన్నడీ తడి కళ్లు తుడుచుకోలేదు, దాచుకోనూ లేదు. కీళ్లు పటపటమంటుంటే వంటింటి నేల మీద మోకాలూనాడు. "తప్పు చేస్తున్నావురా. ముందు బయటి అంచు చూడాలి, తర్వాత లోపలిది. తొందరపడకు. ఇలా."

కొడుకూ పక్కనే మోకాలూని, తండ్రి చేతుల్ని చూస్తూ మళ్లీ చేశాడు.

"మధ్యలో మాట్లాడారు," అంది జోయా ముంజేత్తో ముఖం తుడుచుకుంటూ. "అది చెల్లదు. మళ్లీ కూర్చోండి."

ఈసారి అందరికంటే ముందు గెన్నడీ కూర్చున్నాడు, స్టేషనుదాకా తను మొయ్యాల్సిన స్కేట్ల సంచీ ఒళ్లో పెట్టుకుని.