కాటా దగ్గర ఎక్కినవాడు

కర్నూలు నుంచి వస్తుంటే, కోయిలకుంట్ల ఇంకో ఐదు కిలోమీటర్లుందనగా మూతపడ్డ పాత కాటా ఒకటుంది. ఒకప్పుడు నాపరాళ్ల లారీలను తూచిన కాటా. రాత్రిపూట దాని పేరెత్తితే పెద్ద పెద్ద మీసాలవాళ్లు కూడా మాట మారుస్తారు.

అక్కడ మారెన్న అనే గుమాస్తా ఉండేవాడట. సాయంత్రం ఆరుకు డ్యూటీ ఎక్కి, అర్ధరాత్రి దిగి, వచ్చిన బండినల్లా ఆపి ఊళ్లోకి లిఫ్ట్ అడిగేవాడు. ఎక్కితే ముందు సీటే... వెనక కూర్చుంటే మర్యాద తక్కువని ఆయన పట్టింపు. మనిషి పోయి పదేళ్లయింది. లిఫ్ట్ అడగడం మాత్రం మానలేదంటారు. అర్ధరాత్రి దాటాక ఒంటరిగా వచ్చిన బండి ఆ కాటా దగ్గర ఉన్నట్టుండి — బరువెక్కుతుందట.

యేసుప్రసాద్ ఇలాంటివి నవ్వి కొట్టిపారేసే రకం. "మాకు దెయ్యాల్లేవప్పా, ప్రార్థన ఉండాది" అనేవాడు. ఆ రాత్రి ఆ ప్రార్థన కాస్తా సగంలో మర్చిపోయాడు.

ఆ రోజే కర్నూల్లో బండి కొన్నాడు. కొత్తదైతే కోటి పలికే విదేశీ బండి. పన్నెండేళ్ల పాతది కాబట్టి ఎకరా శనగ చేను ధరకు దిగింది. చేను అమ్మే కొన్నాడు మరి! తెల్లారితే చెల్లెలు జీవిత పెళ్లి. "ఆటోలో దిగుతారేమో" అని మగపెళ్లివాళ్లు ఎగతాళి చేస్తే, "నా చెల్లెలు రాణి మాదిరి దిగుతాది" అని పౌరుషానికి పోయాడు. పెళ్లయ్యాక బండిని బాడుగలకు తిప్పి, ఆ చేను మళ్లీ కొంటానని ధీమా.

ఊళ్లో మెకానిక్ పీర్ బాషా ఫోన్లో మొత్తుకున్నాడు. "కొనేదానికి నీకాడ దుడ్లుండాయి సరే, రిపేరుకు యాడ తెస్తావప్పా? ఒక్కసారి నాకు చూపించు!" ఎర్ర తోలు సీట్లు చూశాక యేసుప్రసాద్‌కు చెవులు పనిచేయలేదు.

కర్నూలు దాటాక కాలు ఆనిస్తే చాలు, బండి ఉరికింది. ఒక్కడే కేకలేసుకుంటూ, తనకు తానే శభాష్ చెప్పుకుంటూ ఒంటిగంటకు కాటా దాకా వచ్చాడు. అక్కడే ఒంటేలుకు వచ్చింది. బండి ఆపేసి దిగాడు.

తిరిగొచ్చి చూస్తే... బండి ముందు భాగం, ఎడమ పక్క — మెల్లగా కిందికి దిగుతోంది.

స్స్స్స్...

ఎవరో భారీ మనిషి ఎక్కి సర్దుకుని కూర్చున్నట్టు!

గబగబా ఎక్కి స్టార్ట్ చేశాడు. వేయని ఏసీ మొహం మీద చల్లగా ఊదింది. ఆ వెంటనే —

టింగ్... టింగ్... టింగ్...

మీటర్ల మధ్య ఎర్ర బొమ్మ వెలిగింది. ముందు సీట్లో కూర్చున్నవారు బెల్టు పెట్టుకోవాలట.

ముందు సీటు ఖాళీగా ఉంది.

"ఎ... ఎవురప్పా?" గుసగుసగా అడిగాడు. వేగం పెంచాడు. గంట కూడా వేగం పెంచింది. చివరికి బెల్టు లాగి, ఖాళీ సీటు మీదుగా తెచ్చి, క్లిప్పు పెట్టాడు.

గంట ఆగింది. అప్పుడు వేసింది అసలు భయం.

"మారెన్నా... తెల్లారితే నా చెల్లెలి పెండ్లి. బండికేమీ చేయాకు. నిన్ను ఊళ్లో దింపుతా."

ఐదు కిలోమీటర్లూ పక్కకు చూడలేదు. కోయిలకుంట్ల మొదటి వీధిదీపం కిందికి రాగానే — టక్! బెల్టు దానంతటదే ఊడి వెనక్కి పోయింది.

ఉదయం ఎవరికీ ఏమీ చెప్పలేదు. ముందు సీట్లో ఎవరినీ కూర్చోనివ్వలేదు. మేనత్త కృపమణి అలిగి నడిచే వెళ్లింది. సరిగ్గా పదికి బండి చర్చి ముందు ఆగింది. జీవిత తెల్లచీరలో రాణిలాగే దిగింది. ఇంజన్ ఆపాడో లేదో...

స్స్స్స్...

జనం చూస్తుండగానే బండి ముందు భాగం కిందికి వంగింది. యేసుప్రసాద్ ఖాళీ ముందు సీటు వంక చూశాడు. మెట్ల మీద నిలబడ్డ పాస్టర్ జ్ఞానరాజు అయ్యగారు రెండు చేతులూ ఎత్తారు.

"చూసినారా! మందిరం ముందర బండి కూడా మోకరించింది!"

"స్తోత్రం!" అని అందరూ ఒక్కటే కేక. పెళ్లికొడుకు చిన్నాయన దగ్గరికొచ్చి, "బటన్ నొక్కితే వంగుతాదా?" అన్నాడు నోరెళ్లబెట్టి. "ఖరీదైన బండ్లు అంతేలే" అన్నాడు యేసుప్రసాద్. చెల్లెలు ముసుగు చాటున నవ్వడం చూసి, చేను పోయినా పర్లేదనిపించింది.

పెళ్లి భోజనాలయ్యాక పీర్ బాషా తెల్ల జుబ్బాతోనే బండి కిందికి దూరాడు. రాత్రి కథంతా విన్నాడు. ఏదో మిషన్ తగిలించి చూశాడు. పొద్దు వాలాక బయటికొచ్చాడు.

"దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు. దీనికి స్ప్రింగులుండవప్పా, గాలి బుడ్డలుంటాయి. ఎడమది చిల్లిపడి గాలి పోతాండాది. జత మార్చాల. గాలి కొట్టే మోటారు కూడా కాలిపోయేతట్టుండాది. ఏసీలో రెక్క ఇరుక్కున్యాది. బెల్టు క్లిప్పు అరిగింది, అందుకే ఊడింది. ఇంజన్ కాడ ఆయిలు కారతాండాది."

"ఎంతైతాది?"

"నాలుగున్నర లక్షలు. నా కూలి కాకుండా."

యేసుప్రసాద్ ఉన్నచోటే కూలబడ్డాడు. రాత్రి కాటా దగ్గర కూడా ఇంత భయపడలేదు. "దెయ్యమే నయం బాషా! ప్రార్థనతో పోయేది."

అంతలో గుర్తొచ్చింది. "గంట సంగతి చెప్పలేదే? ముందు సీట్లో మనిషి కూర్చుంటే మోగేది... దానికెంత?"

బాషా సీటు కింద చెయ్యి పెట్టి తడిమాడు. "దీనికి ఒక్క రూపాయి కూడా కాదు."

"అబ్బ... స్తోత్రం!"

"అది కాదప్పా." బాషా గొంతు తగ్గింది. "ఈ సీటుకు గంట మోగేదానికి ఏమీ లేదు. ముందు ఓనరు సెన్సరు, వైర్లు... అన్నీ ఎప్పుడో పీకేసినాడు."

ఇద్దరూ ఎర్ర సీటు వంక చూశారు. తాళం యేసుప్రసాద్ జేబులోనే ఉంది. చర్చి గడియారం ఆరు కొట్టింది.

టింగ్... టింగ్... టింగ్...

"మారెన్నకు డ్యూటీ టైమైనట్టుండాది" అని గొణిగి, బాషా చెప్పులు అక్కడే వదిలి పరుగెత్తాడు.